అమ్మవారి ఖడ్గం ముడి విప్పిన చెయ్యి

మన కొండ ఊళ్లనేలే ముఠాదారు దొరగారికి,

అమ్మవారి ఖడ్గం ముడి మా అన్న గాసి విప్పడం తమరు కళ్లారా చూశారా? విప్పింది నేను.

జాతర దాకా ఎవరూ విప్పకూడని ఆ నెమలికన్ను ముడిని ఖడ్గం పిడికి వెయ్యడం, విప్పడం పూజారులమైన మా ఇంట్లోవాళ్లకే తెలుసు. చిన్నప్పుడు అన్నే నా వేళ్లు పట్టుకుని నేర్పాడు. ఏసు మార్గంలోకి వచ్చాక నేనది మరిచిపోయానని అందరూ అనుకున్నారు. తాడు కోసేసి ఉంటే ఎవడో దొంగ అనుకునేవారు. నా చేతులు అలవాటుకొద్దీ ఒక్కో మెలికా విప్పేశాయి, అనుమానం అన్న మీదికి పోయింది. పైగా నేను సంతలో నిలబడి, "మీ దేవత ముడిని నా ప్రభువే విప్పాడు!" అని కేకలేశాను. అబద్ధసాక్ష్యం పలకొద్దనే తొమ్మిదో ఆజ్ఞ బోధించే నోటితోనే అబద్ధమాడాను.

తమరు అన్న కుటుంబాన్ని వెలివేసిన రోజు అతను నా పాక ముందు ఆగి, "నీ చేతి ఏళ్ల పని నాకు తెలవదేటిరా?" అన్నాడు. తమరికి మాత్రం చెప్పలేదు.

ఖడ్గానికి మొక్కడం తప్పని ఇప్పటికీ అంటాను. అయినా శిక్ష నాది. వాగవతల రాతి కింద తలదాచుకున్న వదిన జ్వరంతో వణుకుతోంది, చంటిది పాలు మానేసింది. ఈ ఉత్తరం వెనకే వస్తున్నాను, నన్ను కట్టేయించండి. వాళ్లను మాత్రం ఇవాళే, పొద్దుగూకక ముందే, ఊళ్లోకి పిలిపించండి.