ఒళ్ళో పాపతో కలిపి నలభై రెండు

మే 25, ఆదివారం. సాయంత్రం 6

కొత్త అసైన్‌మెంట్ అయింది. చాండ్లర్‌లోనే, ఇంటికి పన్నెండు నిమిషాలు. ఇర్మా అనే ఆవిడ నడిపే చిన్న బార్. అక్కడ మెక్సికో లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్ వేస్తున్నారో లేదో చూడటం నా పని.

ఆ మ్యాచ్‌లు ఇక్కడి బార్లలో చూపించే హక్కు ఒక కంపెనీ కొనుక్కుంది. వాళ్ళతో సంబంధం లేకుండా, మెక్సికోలో ఇంటికని తీసుకున్న శాటిలైట్ బాక్స్ తెచ్చి పెట్టుకునే బార్లని కోర్టుకి లాగుతుంది. లాగాలంటే ఎవరో ఒకరు వెళ్ళి కళ్ళారా చూడాలి. ఆ ఎవరో ఒకరు నేను. ఫీల్డ్ ఆడిటర్. పేరు గొప్పగానే ఉంది.

ఈ పనికి నన్ను మించినవాళ్ళు లేరు. నలభై ఎనిమిదేళ్ళ ఆంటీ బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని మూల కూర్చుంటే ఎవరికి అనుమానం? బ్యాగ్ జిప్పులోంచి ఫోన్ వీడియో తీస్తూ ఉంటుంది. రూల్స్ మూడే. మూడుసార్లు తలలు లెక్కపెట్టాలి. నన్ను లెక్కపెట్టుకోకూడదు. ఏదో ఒకటి కొని రసీదు తేవాలి.

బయట నూట నాలుగు డిగ్రీలు. తలుపు తోసుకుని లోపలికి వెళ్తే ఎవరూ ఏమీ అడగలేదు. రెండు నిమిషాల్లో ఎవరో ప్లేట్ చేతిలో పెట్టారు. అన్నం, నల్లటి గ్రేవీలో చికెన్. మూడు టీవీల్లోనూ మ్యాచ్. హాఫ్‌టైమ్‌లో ఒక ముసలావిడ వచ్చి, తెల్ల గౌను వేసిన చంటిపిల్లని నా ఒళ్ళో పడుకోబెట్టి వెళ్ళిపోయింది. నాలుగు నెలలుంటాయేమో. నా చీర కొంగు పట్టుకుని హాయిగా నిద్రపోయింది.

మూడో లెక్క: ఒళ్ళో పాపతో కలిపి నలభై రెండు.

బిల్లు ఎవరూ ఇవ్వలేదు. పైగా కేకు కట్టిచ్చారు. ఫ్రెండ్లీ బార్.

మే 27

కేకు చివరి ముక్క నేనే తిన్నాను.

జూన్ 2, సోమవారం

కోర్టుకిచ్చే డిక్లరేషన్ మీద సంతకం చేసి పంపాను. నాగమల్లేశ్వరి అనే నేను, బార్ తెరిచి ఉండగా వెళ్ళాను, వ్యాపారం జరుగుతోంది, నలభై రెండు మంది మ్యాచ్ చూస్తున్నారు. రసీదు దగ్గర 'పోయింది' అని రాశాను. అబద్ధమైతే నేరం అని కింద ఒక లైను ఉంది. ప్రతి ఫారంలోనూ ఉంటుంది అది.

ఆగస్టు 19

సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ నవంబర్ 4న! మా ఆయన ఫణి ఆఫీస్ నుంచి వచ్చేటప్పుడు మైసూర్‌పాక్ తెచ్చాడు.

సెప్టెంబర్ 11, గురువారం

కంపెనీ లాయర్ నుంచి ఈమెయిల్. ఇర్మా మీద కేసు వేశారట. నన్ను డిపొజిషన్‌కి పిలుస్తున్నారు. అంటే రెండు పక్షాల లాయర్ల ముందు ప్రమాణం చేసి జవాబులు చెప్పాలి. ఆ రోజు బార్ మూసి ఉందని, అది మనవరాలి బాప్టిజం విందని, మెక్సికోలోని నొగాలెస్‌లో ఉండే అన్న ఆ బాక్స్ తన ఇంటి నుంచి తెచ్చి పెట్టాడని ఇర్మా అంటోందట. బార్ తెరిచి ఉందనడానికి వాళ్ళ చేతిలో ఉన్న సాక్ష్యమల్లా నేనేనట. డిక్లరేషన్‌లో ఉన్నదే చెప్తే చాలట. కేసు ఓడిపోతే ఆవిడ బార్ అమ్ముకోవాల్సిందే అని కూడా లాయరమ్మ రాసింది, అదేదో శుభవార్త అయినట్టు.

సెప్టెంబర్ 13, శనివారం. మధ్యాహ్నం

అనికకి స్కూల్లో స్పానిష్ ఉంది కదా అని వీడియో చూపించాను. మొదటి పది సెకన్లలోనే ఆపేసింది. తలుపు మీద కాగితం అంటించి ఉందట. ఈరోజు మూసివేత, కుటుంబ కార్యక్రమం. గోడ మీద బ్యానర్‌లో బాప్టిజం అని ఉందట. నాకు స్పానిష్ రాదు కదే అన్నాను. అయితే బేబీని నీ ఒళ్ళో పెడితే కూడా తెలీలేదా అమ్మా అని అడిగింది. బార్‌లో స్ట్రేంజర్‌కి బేబీని ఎవరిస్తారు అని కూడా అంది. పదహారేళ్ళు దానికి.

తెలిసింది. ఇక్కడైనా నిజం రాసుకుంటాను. ప్లేట్ చేతికి రాగానే తెలిసింది. తెనాలిలో ఎన్ని పెళ్ళిళ్ళు చూడలేదు? దారిన పోయేవాడు వచ్చి బంతిలో కూర్చుంటే, ఆడపిల్లవాళ్ళు మగపెళ్ళివారి తరఫు అనుకుంటారు, మగపెళ్ళివారు ఆడపిల్లవాళ్ళ తరఫు అనుకుంటారు. మారు వడ్డించి మరీ పంపిస్తారు. ఇర్మా వాళ్ళు నన్ను అలాగే అనుకున్నారు. నేను అనుకోనిచ్చాను.

రసీదు లేకపోతే రిపోర్ట్ రిజెక్ట్ చేస్తారు. పదమూడేళ్ళు, ఉద్యోగం చేసే వీల్లేని హెచ్-4 వీసా మీద ఇంట్లో కూర్చున్నదాన్ని. నాకంటూ వచ్చిన మొదటి ఉద్యోగం ఇది. ఒక్క రిపోర్ట్ కూడా తిరిగి రాలేదని గొప్ప నాకు. అందుకని 'పోయింది' అని రాశాను. పోవడానికి అసలు రసీదంటూ ఉంటే కదా.

సిగ్గుగా ఉంది. వాళ్ళ అన్నం తిని వాళ్ళ మీద సంతకం పెట్టాను.

సెప్టెంబర్ 14

ఫణితో గొడవ. గుర్తులేదు అని ఒక్క మాట అనేసి రమ్మంటాడు. సిటిజన్‌షిప్ ముందు పెట్టుకుని ఈ తవ్వకాలు ఎందుకంటాడు. ఇరవై ఏళ్ళు లైన్లో నిలబడ్డాం, గుమ్మం దాకా వచ్చి జారిపడతావా అన్నాడు. భయపడుతున్నాడు పాపం, నాకూ భయంగానే ఉంది. కానీ అధికారులకి ఎప్పుడైనా అబద్ధం చెప్పావా అని ఆ ఇంటర్వ్యూలో అడుగుతారు కదా, అప్పుడు కూడా గుర్తులేదు అనాలా అని అడిగాను. లేచి వెళ్ళి కాఫీ పెట్టాడు. నాకు కూడా పెట్టాడు.

అక్టోబర్ 8, బుధవారం. ఉదయం 7

డిపొజిషన్ పదింటికి. ఇడ్లీలు ప్లేట్‌లోనే వదిలేశాను.

అదే రోజు. మధ్యాహ్నం 3

చెప్పేశాను.

ఇర్మా బల్లకి అవతల కూర్చుంది. నా వైపు చూడలేదు. ఆవిడ లాయర్ నిదానంగా అడిగాడు, ఆ నలభై రెండు మంది ఎవరెవరు అని. ముందు నా డిక్లరేషన్ సరిదిద్దుకోవాలి అన్నాను. అక్కడెవరూ ఏమీ అమ్మలేదని, నేనేమీ కొనలేదని, రసీదు పోలేదు, అసలు లేదని, అది ఇంటి శుభకార్యమని నాకు తెలుసని, నలభై రెండో మనిషి నా ఒళ్ళో నిద్రపోతోందని చెప్పాను. పాప పేరేమిటని అడిగాడు. తెలీదన్నాను. అన్నిటికంటే ఆ జవాబు చెప్పడమే కష్టమైంది.

కంపెనీ లాయర్ బ్రేక్ అడిగి, నన్ను కారిడార్‌లోకి తీసుకెళ్ళి, ఇక నాకు అసైన్‌మెంట్లు ఉండవంది. సరే అన్నాను.

లిఫ్ట్ దగ్గర ఇర్మా ఎదురుపడింది. నన్ను అల్లుడి మేనత్త అనుకున్నానంది. అల్లుడేమో ఆవిడ తరఫు అనుకున్నాడట. నేనెవరో ఎవరికీ తెలీదని జూన్‌లో గానీ బయటపడలేదట. ఫోటోలన్నిటిలో ఉన్నానట, ఆల్బమ్ కూడా ప్రింట్ అయిపోయిందట. నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. నా చేతి అన్నం తిన్నావు అని మాత్రం అంది. అవును, క్షమించండి అన్నాను. లిఫ్ట్ వచ్చింది, వెళ్ళిపోయింది.

కార్‌లో కూర్చుని ఏడ్చాను. బాధతో కాదు. నాలుగు నెలలుగా గుండెల మీద ఉన్న బండ దిగింది. ఇంటికొచ్చి పొద్దుటి చల్లారిన ఇడ్లీలు ఆరు తిన్నాను.

అక్టోబర్ 27

కంపెనీ కేసు వెనక్కి తీసుకుంది. ఆ బాక్స్ మళ్ళీ బార్‌లో పెట్టనని ఇర్మా రాసిచ్చిందట. బార్ ఉంటుంది. అమ్మయ్య.

నవంబర్ 4, మంగళవారం

ఆఫీసర్ ఆ అబద్ధాల ప్రశ్న అడిగాడు. చెప్పాను ఒకసారి అన్నాను, డిపొజిషన్ కాగితాలు తీసి ఇచ్చాను. చదివాడు. వెనక్కి తిప్పి మళ్ళీ చదివాడు. ఎవరైనా పట్టుకున్నాక సరిదిద్దారా, మీ అంతట మీరేనా అని అడిగాడు. నా అంతట నేనే అన్నాను. ఏదో రాసుకుని, సుప్రీం కోర్టులో ఎంతమంది జడ్జీలు అన్నాడు. తొమ్మిది. తలలు లెక్కపెట్టడం నాకు బాగా వచ్చు.

పాస్.

పార్కింగ్‌లో ఫణి సీటు వెనక్కి వాల్చుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఏమైందని అడిగే ధైర్యం కూడా లేదు అతనికి. అద్దం మీద కొట్టి నవ్వాను. డోర్ తీయడం మర్చిపోయాడు.

జనవరి 18, ఆదివారం

ఇర్మా దగ్గర్నుంచి పాప పుట్టినరోజు పిలుపు కార్డు పోస్టులో వచ్చింది. డిక్లరేషన్‌లో నా అడ్రస్ ఉంది కదా.

సున్నుండలు పట్టుకెళ్ళాను. టీవీలు మూడూ ఆపేసి ఉన్నాయి. పాప పేరు లూసియా. ఏడాది నిండింది, ఒళ్ళో కుదురుగా ఉండటం లేదు.

యాభై ఒకటి. నాతో కలిపి.