తప్పుకేకు

ఫిబ్రవరి 1, సోమవారం

ఈ రోజు నుంచి చక్కెర బంద్!

కారణం రాసిపెట్టుకోవాలి. లేకపోతే రేపు మర్చిపోయే మనిషిని నేను. పొద్దున్నే మా విభాగాధిపతి విబేకె గదికి పిలిచింది. నా కోర్సు మీద కిందటేడు విద్యార్థులు రాసిన అభిప్రాయాలు చదివి వినిపించింది. "గున్వోర్ అలవాట్లు మార్చుకోవడం గురించి పాఠం చెప్తుంది. చెయ్యి మాత్రం తీపి వియన్నా రొట్టె మీద ఉంటుంది." ఇలాంటివే ఇంకో అరడజను.

"ఈ ఏడు కూడా ఇలాగే వస్తే కోర్సు ప్రెబెన్‌కి ఇచ్చేస్తాను. ఏమీ అనుకోకు, గున్వోర్," అంది.

ఏమీ అనుకోకూడదట! ప్రజారోగ్యం మాస్టర్స్ చదివే పిల్లలకి ఆరోగ్య విద్య ఎలా నేర్పాలో ఈ ఓడెన్సే ఊళ్లో మొదట చెప్పిందెవరు? నేను. ఆ కోర్సు పెట్టింది నేను, పెంచింది నేను. ప్రెబెన్ లెక్కల మనిషి. ఇంటి నుంచి ఆఫీసుకి పరిగెత్తుకుంటూ వచ్చి, చెమట బనీను కాఫీ మిషన్ పక్కన ఆరేస్తాడు. అదొక్కటే అతని అర్హత. అతనికా నా కోర్సు? నా ప్రాణం పోయినా సరే, ఇవ్వను.

క్లాసులో అడుగు పెట్టీ పెట్టగానే ప్రకటించేశాను. "ఆరు వారాలు చక్కెర ముట్టను. అలవాటు ఎలా మారుతుందో మీ కళ్లముందే చేసి చూపిస్తా. ఈసారి మీ కేసు నేనే!"

చప్పట్లు!

ముందు వరసలో సిడ్సెల్ అని ఒక పిల్ల ఉంది. అబద్ధాన్ని ఆమడ దూరం నుంచి వాసన పట్టేస్తుంది. "మాట తప్పితే?" అంది.

"తప్పుకేకు తెస్తా!" అన్నాను.

మళ్లీ చప్పట్లు. ఈసారి నవ్వులు కూడా.

ఎందుకు నవ్వారో సైకిలు మీద సగం దారి వచ్చాక వెలిగింది. ఆఫీసులో ఎవరు మీటింగు మర్చిపోయినా, తాళాలు పారేసుకున్నా, మర్నాడు అందరికీ కేకు తేవాలి. తప్పుకేకు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అదే చూస్తున్నాం కాబట్టి నోరు దానంతటదే అనేసింది. చక్కెర తింటే శిక్షేమిటయ్యా అంటే, కేకు!

పర్లేదు. తప్పినప్పుడు కదా ఆ గొడవ. నేను తప్పను.

ఫిబ్రవరి 2, మంగళవారం

అద్భుతం! పొద్దున రై రొట్టె, చీజ్, నల్ల కాఫీ. ఒళ్లు తేలిగ్గా ఉంది. బుర్ర పాదరసంలా పనిచేస్తోంది. ఒక్క రోజుకే ఇంత మార్పా? ఇన్నాళ్లూ ఎందుకు చెయ్యలేదో!

గోడ మీద నా ప్రణాళిక అంటించాను:

కేకు కనబడితే: క్యారెట్.
కేకు వాసన వస్తే: కిటికీ తెరవాలి.
ఎవరైనా పెడితే: "వద్దు, థాంక్స్" అని నవ్వాలి. పళ్లు కొరక్కూడదు.

పాఠ్యపుస్తకం ప్రకారం మనిషి మారడానికి దశలుంటాయి. ఆలోచన, సన్నద్ధత, ఆచరణ, నిలకడ. నేను ఒక్క రోజులో మూడో దశకి వచ్చేశాను.

ప్రస్తుత దశ: ఆచరణ!!

ఫిబ్రవరి 3, బుధవారం

బుధవారం నత్తల రోజు. ఊళ్లో బేకరీలన్నీ పళ్లెమంత దాల్చినచెక్క నత్తల్ని, అంటే నత్తగుల్లలా చుట్టిన తీపి రొట్టెల్ని, చవగ్గా పెట్టే రోజు. అందుకని సైకిలు దారి మార్చేశాను. చుట్టూ ఉన్న పరిస్థితుల్ని మార్చడమంటే ఇదే! క్లాసులో చెప్పడానికి పనికొస్తుంది.

కొత్త దారిలో రెండు బేకరీలున్నాయి.

తల పగిలిపోతోంది. ప్రెబెన్ నా గుమ్మంలో నిలబడి నత్త తింటున్నాడు. "పరిగెత్తి వచ్చా కదా, నాకు చెల్లుతుందిలే. ఒక ముక్క?"

"వద్దు, థాంక్స్." నవ్వాను. పళ్లు కొరికాను.

సాయంత్రం మా ఆయన ఆస్గెర్ రొట్టె మీద జామ్ రాసుకుంటుంటే కేకలేశాను. "నీకు అసలు మనసుందా?" అన్నాను. పాపం, ఆ మనిషి జామ్ సీసా పట్టుకుని స్నానాలగదిలోకి పోయి తిన్నాడు.

ఫిబ్రవరి 5, శుక్రవారం

శుక్రవారం పొద్దున మా అంతస్తులో అందరం కలిసి తింటాం. బన్నులు, చీజ్, వియన్నా రొట్టెలు, ఎవరో ఒకరి తప్పుకేకు. నేను క్యారెట్ పట్టుకుని నా గదిలో కూర్చున్నాను. తలుపు తీసే ఉంచాను. నవ్వులు వినిపించాయి. ఎవరూ రాలేదు.

మధ్యాహ్నం నల్లటి ఉప్పు అతిమధురం బిళ్లలు కొనుక్కున్నాను. చిన్న పొట్లమే. ఇది చక్కెర కింద రాదు. పేరులో మధురం ఉంది గానీ నాలుక మీద ఉప్పే. పైగా దగ్గుకి మందు. నాకు దగ్గు వచ్చేలా ఉంది.

ప్రస్తుత దశ: ఆచరణ (చికిత్సతో).

ఫిబ్రవరి 7, ఆదివారం

ఫాస్టెలావ్న్ పండగ. వేషాలేసుకున్న పిల్లలు ఇంటింటికీ వచ్చి క్రీము బన్నులు అడిగే రోజు. ఆస్గెర్ డజను తెచ్చాడు. వచ్చింది ముగ్గురే పిల్లలు! ఈ వీధిలో జననాలు పడిపోయాయి. ఇది సమాజం తప్పు.

మిగిలినవి పారేస్తే ఆహారం వృథా. ఆహారం వృథా అయితే వాతావరణానికి చేటు. వాతావరణం చెడితే ప్రజల ఆరోగ్యం చెడుతుంది. పోయినేడు దీని మీద మూడు గంటలు పాఠం చెప్పాను.

సగం బన్ను తిన్నాను. తర్వాత ఇంకో సగం. ఒకే బన్నులోవి కావు కాబట్టి పూర్తిగా ఒక బన్ను తిన్నట్టు కాదు.

ఫిబ్రవరి 8, సోమవారం

దొరికిపోయాను!

రోగిని నిందించకూడదు అనే పాఠం చెబుతున్నాను. సిడ్సెల్ చెయ్యెత్తింది.

"గున్వోర్, నీ నాలుక నల్లగా ఉందేంటి?"

"కాఫీ."

"కాఫీ కాదు, అతిమధురం. నేనూ తింటా. నాకూ అలాగే అవుతుంది."

క్లాసంతా గొల్లుమంది. వెనకాల ఎవడో "తప్పుకేకు! తప్పుకేకు!" అని బల్ల చరిచాడు. పట్టభద్రులు! ఇంకో రెండేళ్లలో వీళ్లే దేశంలో జనానికి నోరు కట్టుకోమని చెప్పబోయేది.

బన్ను సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు.

ఫిబ్రవరి 11, గురువారం

బ్రున్స్‌వియర్ తెచ్చాను. ఓడెన్సే ఉన్న మా ద్వీపంలో పుట్టినవాళ్లకి ఇంక వేరే కేకు లేదు. పైన వెన్నా, బెల్లం లాంటి గోధుమరంగు చక్కెరా కలిసి గుంటల్లో నిలబడి ఉంటుంది. పెద్ద పెట్టెడు తెచ్చి క్లాసు మధ్యలో పెట్టాను.

ఒక్కరూ ముట్టరే!

"తినండర్రా," అన్నాను.

"తెచ్చినవాళ్లు తీసుకోకుండా మేమెలా తీసుకుంటాం?" అంది సిడ్సెల్. నిజమే. మర్యాద అనేది ఒకటుంది కదా. అందరూ చేతులు కట్టుకుని నా మొహంలోకి చూస్తున్నారు.

తీసుకున్నాను. మర్యాద కోసం.

"తిన్నావు!" అంది సిడ్సెల్. "సోమవారం ఇంకో కేకు."

అంటే, కేకు తిన్నందుకు కేకు తేవాలి. తెస్తే తినాలి. తింటే మళ్లీ తేవాలి. ఈ ఊబిలోంచి ఏ సిద్ధాంతం బయటికి లాగుతుందో పుస్తకమంతా తిరగేశాను. లేదు.

ఫిబ్రవరి 15, సోమవారం

రెండో కేకు. క్లాసుకి ఒక్కరు కూడా ఎగ్గొట్టలేదు. ప్రెబెన్ దగ్గర లెక్కలు నేర్చుకునే పిల్లలు కూడా వచ్చి వెనకాల నిలబడ్డారు. నిండు క్లాసు!

ఈ రోజు పాఠం: తప్పు మనిషిది కాదు, సమాజానిది. ఎంత బాగా చెప్పానో! నోట్లో కేకు ఉండడం వల్ల కొన్ని మాటలు స్పష్టంగా రాలేదంతే.

ఒకటి అర్థమైంది. చదువుకోనివాడు కేకు తింటే "తినాలనిపించింది, తిన్నా" అంటాడు. నాకు పది సిద్ధాంతాలు తెలుసు కాబట్టి పది సాకులు సిద్ధంగా ఉన్నాయి.

ప్రస్తుత దశ: జారుడు. (పుస్తకంలో ఇదీ ఒక దశే. సహజం. కంగారు పడకూడదు.)

ఫిబ్రవరి 18, గురువారం

ప్రెబెన్ విబేకె గదిలోంచి ఈల వేసుకుంటూ బయటికొచ్చాడు. "నీ కోర్సు పాఠ్యప్రణాళిక ఒకసారి పంపిస్తావా? ఊరికే చూద్దామని," అన్నాడు.

ఊరికేనట! మూడో కేకు పెట్టె చేతిలో పట్టుకుని ఉన్నాను. లేకపోతే ఏం చేసేదాన్నో.

పిల్లలకి పని ఇచ్చాను: "గున్వోర్ చక్కెర మానడానికి ఏం చెయ్యాలో మీరే ఆలోచించండి. సోమవారం చేసి చూపించండి." ఇదే ఆఖరి అవకాశం. వాళ్లు బాగా చేస్తే నేను బాగుపడతాను. నేను బాగుపడితే కోర్సు నిలుస్తుంది.

ఫిబ్రవరి 22, సోమవారం

పోస్టర్లు!!

మా అంతస్తు నిండా పోస్టర్లు! కాఫీ మిషన్ మీద "గున్వోర్, నీ గుండె గురించి ఆలోచించు!" లిఫ్టులో కళ్లూ నోరూ ఉన్న క్యారెట్ బొమ్మ: "గున్వోర్, నన్ను కొరుకు!" ఆడవాళ్ల మరుగుదొడ్డి తలుపు మీద నా నడుము కొలత ఎంతుంటుందో అంచనా. ఆ క్యారెట్‌ని ప్రెబెన్ తన తలుపుకి కూడా అంటించుకున్నాడు.

పోస్టరు అంటించడం ఆరోగ్య ప్రచారం కాదని నేను చెప్పని వారం లేదు. చెవిటివాళ్లకి చెప్పానా?

క్లాసులో విరుచుకుపడ్డాను. "మీకు బుద్ధుందా? నేనేం చిన్నపిల్లనా? చక్కెర మంచిది కాదని నాకు తెలీకనా? ఒక్కరైనా, ఒక్కరంటే ఒక్కరైనా వచ్చి నన్ను అడిగారా?"

వెనక తలుపు దగ్గర విబేకె నిలబడి ఉందని అప్పుడు చూశాను. అయిపోయింది, కోర్సు పోయింది అనుకున్నాను.

సిడ్సెల్ లేచింది. ఈసారి ఎగతాళి లేదు. "అడగలేదు. తప్పే. ఇప్పుడు అడుగుతున్నా. ఎందుకు తింటావు, గున్వోర్?"

పది సాకులుండాలి కదా. ఒక్కటీ నోటికి రాలేదు.

"కేకు లేకపోతే మా అంతస్తులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు," అన్నాను. "తలుపులు వేసుకుని కూర్చుంటాం. కేకు వచ్చిందంటేనే బయటికొస్తాం. మొదటి వారం నేను క్యారెట్ పట్టుకుని గదిలో కూర్చున్నాను. ఒక్కరూ తొంగి చూడలేదు. నేను లేనట్టే ఉంది."

కళ్లు తుడుచుకున్నాను. చిన్నతనం అయిపోయింది. పిల్లలందరూ తలలు వంచుకుని రాసుకుంటున్నారు. నా కన్నీళ్లు వీళ్లకి నోట్స్!

మార్చి 12, శుక్రవారం

కోర్సు అయిపోయింది. అభిప్రాయాలు వచ్చాయి. విబేకె పిలిచింది. వెళ్లేముందు నా పుస్తకాలు పెట్టెలో సర్దుకున్నాను కూడా.

"ఇంత మంచి అభిప్రాయాలు ఈ విభాగంలో నేనెప్పుడూ చూడలేదు," అంది. చదివింది. "ఒక మనిషి మారడం ఎంత కష్టమో మాకు ఇప్పుడు తెలిసింది." "ఇకముందు ఎవరికీ చెప్పేముందు అడుగుతాను." అది సిడ్సెల్ రాసిందని అక్షరం చూడకుండానే చెప్పగలను.

కోర్సు నాదే! ప్రెబెన్ లెక్కలు ప్రెబెన్‌వే! కళ్లు తిరిగినంత సంతోషం.

"ఒకటే షరతు," అంది విబేకె. "వచ్చే ఏడు కూడా ఇలాగే చెయ్యి. మానేస్తానని చెప్పు, మానలేకపో. పొరపాటున నెగ్గావనుకో, వాళ్లకి నేర్పడానికి ఇంకేం మిగులుతుంది? అప్పుడు కోర్సు ప్రెబెన్‌కే నయం." నవ్వింది.

నేనూ నవ్వాను. మెట్లు దిగుతుంటే ఒళ్లు మండిపోయింది. అంటే, నేను మానలేనని అంత నమ్మకమా వీళ్లకి? వచ్చే ఏడూ ఓడిపోతానని కోర్సులో రాసి పెట్టేసుకున్నారా?

మార్చి 15, సోమవారం

ఈ రోజు నుంచి చక్కెర బంద్!

రై రొట్టె, చీజ్, నల్ల కాఫీ. ఒళ్లు తేలిగ్గా ఉంది. ఆస్గెర్‌కి చెప్పలేదు. సిడ్సెల్ ఎదురైతే నోరు మూసుకున్నాను. శుక్రవారం కేకు బల్ల దగ్గరికి అందరికంటే ముందు వెళ్తాను. కూర్చుంటాను, కబుర్లు చెబుతాను. నా ముక్క రుమాలులో చుట్టి జేబులో వేసుకుంటాను.

ఈసారి నెగ్గి తీరతాను. నెగ్గినట్టు ఒక్కరికీ తెలియకూడదు. తెలిస్తే కోర్సు పోతుంది.