పారిస్ బ్యాగుకు పరీక్ష

వికారాబాద్, 8 జూలై 1958

భీమయ్య మామకు నీ మేనకోడలు మార్త వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ ఆస్పత్రిలో అందరం క్షేమం.

మామా, మీ తాండూరులో నర్సప్ప పాత సామాన్ల దుకాణంలో పారిస్ హ్యాండ్‌బ్యాగు ఒకటి ఉందట. చవకగా ఇస్తున్నాడట, అదే నా అనుమానం. పోయినసారి విలాయతిదని నమ్మి కొంటే దాని రంగంతా నా తెల్లచీరకు అంటింది. రాధమ్మ నర్సు నన్ను వార్డువార్డూ తిప్పి చూపించి నవ్వింది. వచ్చే నెల మొదటి ఆదివారం మా డాక్టరమ్మకు వీడ్కోలు విందు. ఈసారీ నకిలీదే తగిలితే నేను తలెత్తుకోలేను. అసలుదని తేలాకే కొను. తోలు వాసన, కుట్లు, లోపలి ముద్ర చూస్తే చాలు.

ఇట్లు,
మార్త

తా.క.: నువ్వు ఎడ్ల బేరగాడివని తెలుసు. కానీ ఇది బ్యాగు, మామా.

తాండూరు, 15 జూలై

బిడ్డ మార్తకు మామ దీవెనలు. మేమంత మంచిగున్నం.

నర్సప్ప తాన పోయిన. వాసన తోలుదే. ముద్ర గూడ ఉన్నది. గని ముద్ర చూసి ఎవడన్న ఎద్దును కొంటడా? అరక గట్టి చూడాలె. జర నాలుగు దినాలు ఇంటికి తోలుకపోత అంటే నర్సప్ప నవ్వి ఇచ్చిండు. మీ శాంతవ్వ అత్త దాన్ల పచ్చిమిరపకాయలు ఏసుకొని అంగడికి పోయొచ్చింది. నిన్న బండరాళ్లు నింపి దూలానికి ఏలాడగట్టిన. పిడి తెగలే!

ఉంట,
భీమయ్య

తా.క.: ఇయ్యాల చాయ్ పోసి చూసిన. ఒక్క చుక్క తాగలే.

వికారాబాద్, 18 జూలై

మామకు వందనాలు.

అయ్యో మామా, ఆ రాళ్లు తీసెయ్యి! నీకు దండం పెడతా. విందులో దాన్నుంచి మిరపకాయల ఘాటు వస్తే రాధమ్మకు పండగే. ఇక పరీక్షలు వద్దు. వెంటనే కొని పంపు.

కంగారుతో,
మార్త

తా.క.: దాని పళ్లు గానీ చూశావా?

తాండూరు, 24 జూలై

బిడ్డకు దీవెనలు.

నీ ఉత్తరం అందేసరికే ఆఖరి పరీక్ష అయిపోయింది. అత్త దాన్ని బాయికాడ నానబెట్టి, సబ్బుతోని రుద్ది ఆరేసింది. రంగు పోలే, కుట్టు ఊడలే. వాడకట్టంత వచ్చి చూసిండ్రు. అసలుదే, నా మీసం మీద ఒట్టు!

సంబురంగ నర్సప్ప తాన పోయి, "అసలుదే, నేను కొంట" అన్న. వాడు నా చేతులకెళ్లి బ్యాగు గుంజుకున్నడు. "భీమన్నా, నేను గూడ నకిలీదనుకొనే చవకగ పెట్టిన. నువ్వు గింత తిప్పలపడి అసలుదని తేల్చినంక ఎందుకు అమ్ముత? మా ఇంటామెకిస్త" అన్నడు. మస్తు బతిమిలాడిన, ఇనలే. నీ మొకం యాదికొచ్చి నాకు ఏడుపాగలే బిడ్డా.

నీ మామ,
భీమయ్య

తా.క.: పరేషాన్ గాకు. వాని తాన అసుంటిదే ఇంకోటున్నది. పరీక్ష చేస్తే మళ్ల అమ్మనంటడని భయపడి, ఈసారి వాసన గూడ చూడకుంట కొనేసిన. రైలుకు పంపిస్తున్న. అసలుదో కాదో విందుల నువ్వే చూసి రాయి.