దేముడి పలకకంటే పెద్దది

బ్యాంకు మేనేజరు గారికి,

తెలుగువారు కనుక తెలుగులోనే రాస్తున్నాను. ఎండతో దీపం వెలుగుతుందని మా ట్రాఫిక్ పేటలో మొదట పేపరు చదివి చెప్పింది నేను. "ఏటి మావా, ఎండలో కరెంటేటి?" అని నవ్వింది దర్జీ దేముడు. మీరు సౌరదీపానికి అప్పిచ్చింది వాడికి!

రోజూ సాయంత్రం నా అరుగు మీద పేపరు వినేవాళ్లు, కరెంటు పోగానే లేచి వాడి కొట్టుకు పోతున్నారు. "నువ్వూ ఇక్కడికే వచ్చి సదువు మావా" అంటాడు.

నాకూ సౌరదీపానికి అప్పు ఇప్పించండి. వాయిదాలు సక్రమంగా కడుతున్నవాడే జామీను ఉండాలన్నారు. మా వీధిలో అలాంటివాడు దేముడొక్కడే. నేనడగలేదు, మా ఆవిడ అడిగింది. వాడు వెంటనే సంతకం పెట్టాడట. ఆ కాగితం జతచేశాను.

ఎండ పట్టే పలక మాత్రం వాడిదానికంటే పెద్దది ఇప్పించండి.