పూత గీకిన గీత

ప్రియమైన అక్కకి,

నమస్కారం. ఇక్కడ అమ్మా, మీ మరిదిగారూ, నేనూ బాగున్నాం. నువ్వూ, బావగారూ, నీ కూతురు బుజ్జీ క్షేమంగా ఉండాలి. ఈసారి ఆ మాట అలవాటుగా రాయడం లేదక్కా, నిజంగా వేడుకుంటూ రాస్తున్నాను.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గింది. మందుల కంటే పై అంతస్తు ఆవిడతో తగువే బాగా పనిచేసింది. మెట్లన్నీ ఎక్కి మరీ పోట్లాడి వచ్చింది.

ఇక నీ రెండో ప్రశ్న. "నేను నడిపే స్కూలు వ్యాన్‌కి నువ్వు చేసిన రాడారే పెట్టారు. ఇంట్లోకి వెనక్కి తీసేటప్పుడు తెర మీద గేటు స్తంభం కనిపిస్తుంది గానీ, పక్కనున్న మనిషి కనిపించదేం? మనుషులంటే అంత చిన్నచూపా దానికి?" అని నవ్వుతూ రాశావు. అది చదివి నాకు నవ్వు రాలేదు. అప్పటికప్పుడు ఫోన్ చేసి, తెరని నమ్మొద్దని మాత్రం చెప్పి పెట్టేశాను. నువ్వు "సరేలే" అన్నావు. నీ సరేలే సంగతి నాకు తెలియదా! అందుకే ఈ ఉత్తరం.

చిప్పులో పుట్టిన సిగ్నల్‌ని యాంటెన్నా దాకా మోసే సన్నటి రాగి గీతలు గీయడం నా పని. సిగ్నల్ కింది స్వరం నుంచి పై స్వరం దాకా ఎంత విస్తారంగా పలికితే, రాడార్ పక్కపక్కనున్నవాటిని అంత విడివిడిగా చూస్తుంది. గీత కుదరకపోతే పై స్వరాలు వెనక్కి తిరిగొస్తాయి. అప్పుడు స్తంభమూ మనిషీ కలిసి ఒకటే చుక్క.

ఆ గీతలుండే బోర్డు మీద పచ్చటి పూత ఉంటుంది. పూతతో కొలిస్తే పై స్వరాలు పడిపోయాయి. గీకేసి కొలిస్తే రీడింగు ముత్యంలా వచ్చింది. మా ల్యాబ్‌లో కొలతలు తీసే పెద్దాయన, మీటరు బాబాయ్ అంటాం, అప్పుడే అన్నాడు.

"బళ్లలోకి పోయేది పూతతోనే కదమ్మా?"

"రేపే గడువు బాబాయ్, తర్వాత సరిచేద్దాం" అన్నాను.

పూత గీకి తీసిన రీడింగునే రిపోర్టులో రాసి సంతకం పెట్టేశాను. ఆ తర్వాత అనేది రానే లేదు. ఏడాదిగా తేలుకుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

ఇవాళ పొద్దున మా మేనేజరుకి అంతా రాసిచ్చాను. ఆయన తలుపు మూసి, "ఇంకెవరికైనా చెప్పావా?" అని అడిగారు. "మా అక్కకి చెప్తాను" అన్నాను. బళ్లని వెనక్కి పిలుస్తారో, నన్ను ఇంటికి పంపుతారో తెలియదు. దానికీ భయంగానే ఉంది, కానీ అది చిన్న భయం.

పన్నెండేళ్లు ఏ తెరా లేకుండా నడిపావు. దిగి, వెనక్కి వెళ్లి, కళ్లారా చూసి ఎక్కేదానివి. మళ్లీ అలాగే చెయ్యక్కా, నీ కాళ్లు పట్టుకుంటాను. ఆ పక్కనున్న మనిషి ఎవరో నువ్వు రాయలేదు. సాయంత్రం నీ వ్యాన్ చప్పుడు వినగానే పరిగెత్తుకొచ్చి, గేటు తీసి, స్తంభాన్ని ఆనుకుని నిలబడేది బుజ్జే కదా.

ఇట్లు,
నీ మాట ఏనాడూ వినకపోయినా, ఈ ఒక్క మాట నువ్వు వినాలని బతిమాలుకునే
నీ చెల్లి