ముత్తాతకు నడక నేర్పిన వైనం

గురజాల,
జూలై 6.

చిరంజీవి హాసినికి,

మీ కోటయ్య బాబాయి దీవెనలు. ఇక్కడ నేనూ నీ లాప్‌టాపూ క్షేమం. సత్తెనపల్లి హాస్టల్లో నువ్వూ నీ ఫిజిక్సూ క్షేమమని తలుస్తాను.

మీ నాన్న నిన్ను ఇంటర్లో చేర్పించి, నువ్వు కోరుకున్న, కంప్యూటర్లో బొమ్మల్ని కదిలించే మోషన్ గ్రాఫిక్స్ క్లాసు మాన్పించినప్పుడు నీ బదులు నేను వెళ్తానని, ప్రతి పాఠం ఉత్తరంలో రాస్తానని మాటిచ్చాను. మీ హాస్టల్లో ఫోన్లు కూడదన్నారు గనక ఇంతకన్నా దారి లేదు. నిన్నా ఇవాళా నరసరావుపేట వెళ్ళొచ్చాను. నేను తలుపు తీయగానే క్లాసులో పదిమందీ లేచి నిలబడ్డారు. సారు వచ్చాడనుకున్నారట. అక్కడ సారు లేడు. షబ్నం అని పాతికేళ్ళ అమ్మాయి, ఆవిడే టీచరు. పాఠాలు చెప్పదు. వారానికో ప్రాజెక్టు ఇస్తుంది, చేస్తూ నేర్చుకోవాలి.

మొదటిది బంతి. తెర మీద ఎడమ పక్కన బంతి పెట్టి గుర్తు పెట్టమంది. రెండు సెకన్ల తర్వాత కుడి పక్కకి జరిపి ఇంకో గుర్తు పెట్టమంది. ఈ గుర్తుని కీ ఫ్రేమ్ అంటారు. తర్వాత బటన్ నొక్కాను. బంతి తనంతట తానే ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళింది.

ముప్ఫై ఐదేళ్ళుగా గోడల మీద బోర్డులు రాశాను. ఈ చివరో మేకు, ఆ చివరో మేకు కొట్టి, సుద్ద రాసిన దారం లాగి వదిలితే మధ్యలో గీత పడుతుంది. అది నాకు తెలిసిన విద్యే. కానీ ఆ గీత మీద ఎవరైనా నడిచి వెళ్ళడం ఎన్నడూ చూడలేదు. నేను పెట్టింది రెండు చోట్లే హాసినీ. మధ్యలో నలభై ఎనిమిది చోట్ల ఆ బంతిని ఎవరు పెట్టారు?

తర్వాత దాన్ని ఎగరేయమంది. ఎగిరింది గానీ దూదిలా ఉంది. పైకి వెళ్ళేకొద్దీ నెమ్మదించాలి, కిందికొచ్చేకొద్దీ తొందరపడాలి అని చెప్పింది. ఆ తేడా పెట్టగానే బంతికి బరువొచ్చింది. నాకైతే రబ్బరు వాసన కూడా వచ్చింది.

ఉంటాను,
నీ బదులు చదువుతున్న
కోటయ్య బాబాయి.

తా.క. సేవ్ చెయ్యమంటే చేశాను. ఎక్కడ చేశానో తెలియదు. బంతి లాప్‌టాప్‌లోనే ఎక్కడో ఉంది, వెతుకుతున్నాను.


సత్తెనపల్లి,
జూలై 13.

ప్రియమైన బాబాయికి,

హాసిని నమస్కారాలు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాకిక్కడ కంప్యూటర్ లేదు కదా, అందుకని ఫిజిక్స్ రికార్డు మూలల్లో పేజీకో బంతి గీశాను. నువ్వు చెప్పినట్టే పైన దగ్గర దగ్గరగా, కింద దూరం దూరంగా. పేజీలు గబగబా తిప్పితే ఎగిరింది బాబాయ్. స్టడీ అవర్లో అరిచినంత పని చేశాను.

రికార్డు దిద్దుతూ ఫిజిక్స్ సారు అది చూశారు. తిడతారనుకున్నాను. గురుత్వాకర్షణ ఇంత బాగా అర్థమైన పిల్లని చూడలేదన్నారు. సోమవారం క్లాసులో అందరికీ నేనే చెప్పాలట. నాకు బంతి తప్ప ఏమీ తెలియదు. త్వరగా రెండో పాఠం పంపు.

నీ స్టూడెంటు,
హాసిని.

తా.క. మీ బాబాయి వయసెంతని నా రూమ్మేటు ప్రీతి అడిగింది. యాభై ఏడన్నాను. కోర్సు అయ్యాక ఉద్యోగం చూపిస్తారా అని కనుక్కోమంది.


గురజాల,
జూలై 27.

చిరంజీవి హాసినికి,

బాబాయి ఆశీస్సులు. రెండో ప్రాజెక్టు పేర్లని కదిలించడం. మిగతావాళ్ళు ఇంగ్లీషులో వాళ్ళ వాళ్ళ పేర్లు వేసుకున్నారు. నేను 'శ్రీ లక్ష్మీ ఫ్యాన్సీ స్టోర్స్' అని తెలుగులో కొట్టాను. ఒత్తులన్నీ ఊడిపోయాయి. శ ఒక చోట, దాని క్రావడి ఇంకో చోట, తిరణాళ్ళలో తప్పిపోయిన పిల్లల్లా నిలబడ్డాయి. ఏదో సెట్టింగ్ మార్చాలని షబ్నం వెతకడం మొదలుపెట్టింది. అది దొరికేలోగా నేను కింద కొట్లో చార్టు కొనుక్కొచ్చి, కుంచెతో ఆ పేరు నా చేత్తోనే రాశాను. ఫోటో తీసి, ఒక్కో అక్షరాన్ని విడదీసి ఒక్కో పొర మీద పెట్టాను. పొరని లేయర్ అంటారు. ఒకదాని మీద ఒకటి పరిచిన అద్దాలనుకో.

బటన్ నొక్కాను. శ్రీ పై నుంచి దిగింది. ల నడిచొచ్చింది. క్ష వచ్చి కూర్చున్నాక, దాని మ ఒత్తు పెళ్ళికి ఆలస్యంగా వచ్చిన చుట్టంలా కింద నుంచి మెల్లగా వచ్చి సర్దుకుంది. క్లాసంతా నా వెనక చేరింది. షబ్నం సెట్టింగ్ వెతకడం ఆపేసింది. ఇన్నేళ్ళూ నేను ఎక్కడ పెట్టిన అక్షరం అక్కడే పడి ఉంది హాసినీ. మొదటిసారి ఒకటి లేచొచ్చి నా ముందు నిలబడింది. చేతులు కట్టుకుని చూశాను.

మూడో ప్రాజెక్టుకి పాత ఫోటోలో మనిషిని నడిపించాలి. మా నాన్న ట్రంకుపెట్టెలో ఒక ఫోటో దొరికింది. వెనక ఆయన చేతిరాతతో 'నాయన, మాచర్ల బజారు' అని ఉంది. అంటే మా తాత, నీకు ముత్తాత. మన ఇంట్లో బోర్డులు రాయడం మొదలుపెట్టింది ఆయనే. నేనూ మీ నాన్నా పుట్టకముందే పోయాడు. ఫోటోలో సైకిలు పట్టుకుని, భుజాన కండువాతో దర్జాగా ఉన్నాడు. ఆయన్ని నడిపిస్తాను. ముందు తల, చేతులు, కాళ్ళు కంప్యూటర్లో మాస్క్ అనే ముసుగు వేసి విడివిడిగా కత్తిరించి, తర్వాత మొండేనికి కట్టాలి. అప్పుడు మొండెం కదిలితే తల వెంట వస్తుంది.

ఇట్లు,
ఒత్తులు చెదరని
బాబాయి.

తా.క. బంతి దొరికింది. షబ్నం కంప్యూటర్లో ఉంది. అక్కడికెలా వెళ్ళిందో మా ఇద్దరికీ తెలియదు.


గురజాల, ఆగస్టు 5. (కార్డు)

హాసినీ, కవర్లు అయిపోయి కార్డు రాస్తున్నాను. పెద్దాయన తల తెగింది. మెడ దగ్గర సరిగ్గా రాక రెండుసార్లు కోశాను. కుడి చెయ్యి భుజం దగ్గరా మోచేతి దగ్గరా కోశాను. ఎడమది రేపు. వెనకాల అడ్డున్నదంతా తుడిచేశాను, ఇక ఎవరికీ ఆనవాలు తెలియదు. శనివారం అన్నీ నరసరావుపేట పట్టుకెళ్ళి షబ్నంకి చూపిస్తాను. బాబాయి.

తా.క. కొయ్యడం చేతికి అలవాటైంది. ఎండాకాలం సెలవులకి వస్తావుగా, అప్పుడు నీ సంగతి చూస్తాను.


సత్తెనపల్లి,
ఆగస్టు 9.

బాబాయికి,

హాసిని నమస్కారాలు. కొంప మునిగింది.

నీ కార్డు ముందు పోస్ట్‌మ్యాన్ చదివాడు. తర్వాత వాచ్‌మన్ చదివాడు. ఆయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని మా వార్డెన్ మార్తమ్మ మేడానికిచ్చాడు. మేడం నన్ను ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, పాలు తాగించి, మెల్లగా అడిగారు. మీ బాబాయి ఏం చేస్తారంటే బోర్డులు రాస్తాడని చెప్పాను. ఆ పెద్దాయన ఎవరంటే మా ముత్తాత అన్నాను. ఇంట్లోవాళ్ళకి తెలుసా అన్నారు. ఆయన పోయి డెబ్బై ఏళ్ళయింది మేడం అన్నాను, ధైర్యం చెబుదామని. మేడం ముఖం ఇంకా పాలిపోయింది. మా బాబాయి సమాధి తవ్వాడనుకున్నారని నాకు తర్వాత తట్టింది. మాస్క్ వేసి కోస్తారు, రక్తం రాదు అని కూడా చెప్పాను. అది చెప్పకుండా ఉండాల్సింది.

మేడం కాసేపు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, నాన్నకి ఫోన్ చేశారు. నాన్నకి నీ కోర్సు సంగతే తెలియదు కదా. మీ తమ్ముడు మీ తాతగారిని కోశాడని విని ఎరువుల కొట్టు మూసేసి గురజాల బయల్దేరాడట. ఈ ఉత్తరం కన్నా నాన్నే ముందు వస్తాడేమో.

భయంతో,
హాసిని.

తా.క. ప్రీతి తన మంచం కిటికీ వైపు జరుపుకుంది. అయినా నీ తర్వాతి ఉత్తరం వస్తే ముందు తనకే చదివి వినిపించాలంటోంది.


గురజాల,
ఆగస్టు 17.

చిరంజీవి హాసినికి,

బాబాయి దీవెనలు. మీ నాన్నే ముందొచ్చాడు.

గుమ్మం దాటి లోపలికి రాలేదు. "ఏందిరా నువ్వు చేసే పని? తాత నీకేం అన్యాయం చేశాడు?" అన్నాడు. చెబితే వినే మనిషి కాదని నీకు తెలుసు. లాప్‌టాప్ ఆయన వైపు తిప్పి బటన్ నొక్కాను.

మాచర్ల బజారు. ఎండ. సైకిలు పట్టుకున్న పెద్దాయన తల కొంచెం పక్కకి తిప్పాడు. రెప్ప వేశాడు. భుజం మీద కండువా కదిలింది. తర్వాత ఎడమ కాలు తీసి ముందుకేశాడు, దాని వెనక కుడి కాలు, పక్కనే సైకిలు చక్రం తిరుగుతూ. మొత్తం ఆరు సెకన్లు. నేను చేసిందే, వందసార్లు చూసిందే. అయినా ఆ కాలు లేచినప్పుడల్లా నా ఊపిరి ఆగుతుంది.

మీ నాన్న వంగి చెప్పులు విడిచాడు. లోపలికొచ్చి నేల మీద కూర్చున్నాడు. "మళ్ళీ ఎయ్యి" అన్నాడు. ఏడుసార్లు వేశాను.

ఎనిమిదోసారి తప్పులు పట్టడం మొదలుపెట్టాడు. తాత అలా నడవడట, ఎడం కాలు కాస్త ఈడ్చేవాడని మా నాన్న చెప్పేవాడట. నాకెప్పుడూ చెప్పలేదు. పెద్దకొడుకు గనక ఆయనకే చెప్పాడేమో అనుకున్నాను. ఎలా ఈడ్చేవాడో చూపించమంటే మూడు రోజులు మన వాకిట్లో కుంటి చూపించాడు. నేను ఫోన్లో తీసి, ప్రతి అడుగుకీ కీ ఫ్రేములు సరిచేశాను. పక్కింటి అక్రం కాలికి దెబ్బ తగిలిందనుకుని తైలం తెచ్చిచ్చాడు. మీ నాన్న మొహమాటానికి రాసుకున్నాడు కూడా.

నిన్న నన్ను అడిగాడు, పిల్ల నేర్చుకుంటానంది ఇదేనా అని. ఇదేనన్నాను. ఏదో కంప్యూటర్ కోర్సనుకున్నానురా అన్నాడు. అప్పుడే షబ్నంకి ఆయనే ఫోన్ చేసి, ఎండాకాలం బ్యాచిలో నీ పేరు రాయించాడు.

తాతని కళ్ళతో చూసినవాళ్ళలో బతికున్నది మా మేనత్త నాగేంద్రమ్మ ఒక్కతే. వచ్చే ఆదివారం వెల్దుర్తి తీసుకెళ్ళి ఆవిడకి చూపిస్తాం.

ఇట్లు,
బాబాయి.

తా.క. కంగారుపడొద్దని మీ నాన్న మీ మేడానికి ఫోన్ చేశాడు. "తల మళ్ళీ అతికించాం" అని చెప్పాడట. ఆవిడ ఫోన్ పెట్టేశారు.


సత్తెనపల్లి,
ఆగస్టు 22.

బాబాయికి,

హాసిని నమస్కారాలు. నాన్న చెప్పులు విడిచాడన్న చోట నేను చదవడం ఆపేసి కాసేపు బయట తిరిగొచ్చాను. నీ ఉత్తరాలన్నీ మార్తమ్మ మేడానికి ఇచ్చేశాను. పూర్తిగా చదివి, చానా నవ్వి, ఫోటోలో మనిషి రెప్ప ఎలా వేస్తాడని నన్నే అడిగారు. నేను చూడలేదు కదా మేడం అన్నాను. వెల్దుర్తిలో ఏమైందో ఒక్క ముక్క వదలకుండా రాయి.

నీ,
హాసిని.


గురజాల,
ఆగస్టు 31.

చిరంజీవి హాసినికి,

బాబాయి ఆశీస్సులు. ఒక్క ముక్క వదలను. కూర్చుని చదువు.

అత్తకి ఎనభై రెండేళ్ళు. కళ్ళ ఆపరేషన్ అయ్యాక చూపు నాకన్నా మేలు. వసారాలో స్టూలు మీద లాప్‌టాప్ పెట్టి చూపించాం. అడుగు వెనక అడుగు, ఎడమ కాలు ఈడ్చుకుంటూ ఆయన నడిచాడు. అత్త శ్రద్ధగా చూసింది. చూసి, "బాగా నడుస్తున్నాడు. ఎవరాయన?" అంది.

మీ నాయనే అత్తా అన్నాను.

"ఈయన మా నాయనేంది? సబ్బుల కంపెనీ ఏజెంటు. కొత్త సైకిలు కొన్నాడని ఫోటో దిగాడు" అంది.

మీ నాన్న మరి తాత కాలు ఈడ్చేవాడంట గదా అన్నాడు. నిచ్చెనల మీద బతికినవాడు కుంటుతాడా అని అత్త ఆయన్నే ఎదురడిగింది. అసలు ఫోటో ఇమ్మని కంటికి దగ్గరగా పెట్టుకుని, ఒక మూల మీద వేలు పెట్టింది. అక్కడ, కొట్టు ముందు, ఒక నిచ్చెన సగం. దాని మీద అటు తిరిగిన మనిషి. చొక్కా వీపు, ఎత్తిన చెయ్యి, అంతే. ఎవరో సున్నం వేసే మనిషనుకుని నేను తుడిచేసింది ఆయన్నే హాసినీ.

"మొకం పడలేదే" అన్నాడు మీ నాన్న.

"నాకే సరిగ్గా గుర్తులేదురా. ఎప్పుడు చూసినా గోడకి తిరిగే ఉండేవోడు" అంది అత్త.

అక్కడే కూర్చుని ఫైలు తెరిచాను. మాస్కుతో దాచినది నిజంగా పోదని షబ్నం ఎప్పుడో చెప్పింది, నేను పట్టించుకోలేదు. మాస్క్ తీశాను. కింద పొరలో ఆయన అలాగే ఉన్నాడు. నిచ్చెన మీద, చెయ్యి ఎత్తి. ఈ నెల రోజులూ ఏజెంటు వెనకాలే ఉన్నాడు.

ఈసారి ఒక్క చోటే కోశాను, మోచేతి దగ్గర. చెయ్యి ఎలా కదిలేదని అత్తని అడిగాను. వేలు గాల్లోకెత్తి చూపించింది. ముందు తలకట్లన్నీ వరసగా పెట్టుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకి పోయేవాడట. ఆ తర్వాతే వెనక్కొచ్చి ఒక్కో అక్షరం కిందికి దించేవాడట. నేనూ అలాగే రాస్తాను. నాన్న దగ్గర నేర్చుకున్నాను. నాన్న ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఆ మధ్యాహ్నం చూశాను.

బటన్ నొక్కాను. చెయ్యి కదిలింది. ఒక తలకట్టు, కాస్త జరిగి ఇంకొకటి, ఇంకొకటి. అత్త తెర ముందుకి వంగి, "నాయనా, ఒక్కసారి ఇట్టా తిరుగు" అంది.

ఆయన తిరగలేదు. పనిలో ఉన్నాడు.

నీ
బాబాయి.

తా.క. ఏజెంటుగారు ఇంకా లాప్‌టాప్‌లో కుంటుతూనే ఉన్నారు. తీసేద్దామంటే మీ నాన్న ఒప్పుకోవడం లేదు. మూడు రోజులు కష్టపడి నేర్పాడట, ఆయన వారసులు ఎక్కడున్నా వెతికి ఇచ్చి వస్తాడట.