రేణు తిరిగి చూసే మాట

17 జనవరి 2005, సోమవారం

ఈ పని చేసింది మీరే. మీరెవరైనా సరే, ఈ డైరీని నా బీరువాలోంచి దొంగతనంగా తీసి చదువుతున్నా సరే. మొగుడూ పెళ్ళాం తెలుగులో పోట్లాడుకుంటారు, కూరగాయలవాడితో కన్నడంలో బేరమాడతారు, కన్నబిడ్డ దగ్గరికి రాగానే గొంతు మార్చి కమ్ హియర్ అంటారు. మీ వల్లనే ఇవాళ మా అలివేలు నోరు మూతబడింది.

అలివేలు నా తమ్ముడు నాగేంద్ర భార్య. కదిరి దగ్గర పల్లె, తెలుగు మీడియంలో పదో తరగతి. నేను బ్యాంకులో పనిచేస్తాను, తెలుగు కోసం వ్యాసాలూ కరపత్రాలూ రాస్తుంటాను, పెళ్ళి చేసుకోలేదు, మారతహళ్ళిలో వీళ్ళతోనే ఉంటాను. వీళ్ళ పాప రేణుకకు నాలుగేళ్ళు. ఆటిజం అని పోయిన ఏడాది తేల్చారు. పిలిస్తే పలకడం తక్కువ. దానికున్నవి బువ్వ, నీళ్ళు, ఎత్తుకో లాంటి కొద్ది మాటలు. అన్నీ అలివేలు నేర్పినవే.

ఈరోజు కొత్త థెరపీ సెంటర్లో చేర్చారు. అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్ అట. అమెరికాలో చదివొచ్చిన డైరెక్టర్ మేడం అంతా ఓపిగ్గా చెప్పి, చివర్లో ఒక రూలు పెట్టింది. పాపకు ఒకటే భాష ఉండాలి, అది ఇంగ్లీషు కావాలి, రెండు భాషలైతే కన్‌ఫ్యూజ్ అవుతుంది. నాకు ఇంగ్లీషు రాదు గదా మేడం అని అలివేలు అడిగిందట. అయితే మీరు పాపతో ఎక్కువ మాట్లాడకండి అన్నదట.

నాగేంద్ర తలూపి వచ్చాడు. ఒక్క ప్రశ్న వేయలేదు. వాడు చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తప్పులు పట్టడమే వాడి ఉద్యోగం!

2 ఫిబ్రవరి

సెంటర్ వాళ్ళు చెప్పిన పుస్తకం కొని చదువుతున్నాను. అవతలివాళ్ళ వాదం చదవకుండా తిట్టడం నాకు అలవాటు లేదు. నిజం చెప్పాలంటే, నచ్చింది. ప్రవర్తన ఊరికే రాదు అంటుంది. దానికి ముందు ఏదో జరుగుతుంది, తర్వాత ఏదో జరుగుతుంది. తర్వాత జరిగేది ఆ పనిని మళ్ళీ మళ్ళీ చేయిస్తే అది రీఇన్‌ఫోర్స్‌మెంట్. బిడ్డ బువ్వ అంది, బువ్వ దొరికింది, రేపు మళ్ళీ అంటుంది. అంతే. మొండిది, పొగరుది, పోయిన జన్మ పాపం అని పసిపిల్లల మీద ముద్రలు గుద్దే దేశంలో ఇంత సూటి మాట విని ఎన్నాళ్ళయిందో.

కొన్ని పేజీల తర్వాత ఎక్స్‌టింక్షన్. ఇంతకుముందు దొరికేది ఇక దొరకకపోతే, అడగడం మెల్లగా ఆగిపోతుంది. ఇక్కడ పుస్తకం మూసి కాఫీ పెట్టుకున్నాను.

9 ఫిబ్రవరి

ఇవాళ్టి నుంచి ఇంట్లో కూడా ప్రోగ్రాం. రేణు బువ్వ అంటే పెట్టకూడదు, రైస్ అంటేనే పెట్టాలి. థెరపిస్టు ప్రిస్కిల్లా వచ్చి చూపించింది. గుంటూరు వైపు పిల్ల, వాళ్ళ నాన్న పాస్టరు. వంటింట్లో నాతో తెలుగు, హాల్లో రేణుతో ఇంగ్లీషు. నీకిది వింతగా లేదా అని నిలదీశాను. నేనేం చేసేదండీ, రూలు పెట్టింది నేను కాదు గదండీ అని మెల్లగా అంది. మంచి పిల్ల. మంచివాళ్ళ చేత చేయించకపోతే ఈ దేశంలో ఏ తప్పుడు పనీ సాగదు.

రేణు బువ్వ అంది. ఎవరూ కదల్లేదు. గట్టిగా అంది. అరిచింది. తలను గోడకేసి కొట్టుకోబోతే ప్రిస్కిల్లా మధ్యలో దిండు పెట్టింది. అలివేలు లేవబోయింది, నాగేంద్ర చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. ఇది ఎక్స్‌టింక్షన్ బర్స్ట్ అక్కా, ఆగిపోయే ముందు ఒకసారి పెరుగుతుంది, గుడ్ సైన్ అని నాకు పాఠం చెప్పాడు. పక్కన నీ పెళ్ళాం ఏడుస్తున్నది, దానికేం పేరుందో కూడా చూసి చెప్పరా అన్నాను.

12 మార్చి

రేణు రైస్ అంది. నాగేంద్ర ఆఫీసులో స్వీట్లు పంచాడు. అలివేలు తినలేదు, పంటి నొప్పి అంది.

3 ఏప్రిల్

కింద ఉండే ఇంటి ఓనరు కదిరమ్మ పుట్టి పెరిగిందంతా ఈ ఊళ్ళోనే. మోటారు వేయడానికి పైకొచ్చి అలివేలును ఆటపట్టించింది. ఏమ్మే, మౌనవ్రతమా, ఏ దేవునికి మొక్కినావు తల్లీ, మీ ఇల్లు సౌండు పోయిన టీవీ మాదిరి ఉండాది అని. అలివేలు కూడా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. రేణుకు నీళ్ళు పోసేటప్పుడు అలివేలు నోరు ఆగేది కాదు. కళ్ళు మూసుకోవే బంగారూ, ఇదిగో అయిపాయె, ఇంగొక్క చెంబు, కాకి ఎత్తకపోతాది జూడు అంటూ. ఇప్పుడు స్నానాల గదిలోంచి మగ్గు చప్పుడు ఒక్కటే వస్తుంది.

11 జూన్

అలివేలుకు రెండు ఇంగ్లీషు ముక్కలు మంజూరయ్యాయి. సిట్. గుడ్ గర్ల్. రేణు కూర్చున్నప్పుడల్లా ఆ రెండోది అనాలి, చప్పట్లు కొట్టాలి. చుట్టాల కోసం దాచిన పింగాణీ కప్పుల్లాగా వాటిని భయంభయంగా వాడుతుంది.

నాగేంద్రతో పెద్ద గొడవ. తల్లి మాటనే బిడ్డకు పరాయి చేస్తున్నావురా అన్నాను. నువ్వు కుళాయిలో నీళ్ళు రాకపోయినా ధర్నా చేస్తావక్కా, నా బిడ్డ నీ వ్యాసం కాదు అన్నాడు. రేపు నేను పోతే దీన్ని ఏ స్కూలు చేర్చుకుంటుంది, ఎవరు చూస్తారు, ఆ భయం నీకేం తెలుసు అన్నాడు.

20 ఆగస్టు, శనివారం, సాయంత్రం 7

రేణు కాలు విరిగింది. ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

సర్వీస్ రోడ్డు పక్కన కొబ్బరిబోండాల బండి దగ్గర అలివేలు కొంగుముడి విప్పుతుంటే రేణు చెయ్యి విడిపించుకుంది. రోడ్డు మీదికి పరుగు. నిలబడే, రేణూ నిలబడే అని అలివేలు గొంతు చించుకున్నదట. నిరుడు ఆ కేక వింటే రేణు ఎక్కడున్నదక్కడ ఆగేది, నేనే ఎన్నోసార్లు చూశాను. ఇవాళ ఆగలేదు. యెనక్కన్నా జూళ్ళేదొదినా, నేను యెవురో పరాయిదాన్నయినట్టు ఉరికింది అంటుంది. బైకతను బ్రేకు వేశాడు. అయినా తగిలింది.

నాగేంద్ర వచ్చీరాగానే అడిగిన మొదటి మాట, స్టాప్ అనలేదా నువ్వు? అలివేలు తల వంచుకుంది. నోటికి అదే వచ్చింది అని మాత్రం అంది.

21 ఆగస్టు

అలివేలు ఈరోజు ఎవరితోనూ మాట్లాడలేదు. నాతో కూడా.

5 సెప్టెంబరు

సెంటర్‌కు వెళ్ళాను. వాళ్ళ పుస్తకమే తీసుకెళ్ళాను. జనరలైజేషన్ అని పెద్ద అధ్యాయం ఉంది అందులో. బల్ల దగ్గర నేర్చింది బల్ల దగ్గరే మిగిలిపోతే నేర్చినట్టు కాదు, ఇంట్లో, వీధిలో, బిడ్డ చుట్టూ ఉండే మనుషులతో, వాళ్ళు మాట్లాడే తీరులో నేర్పాలి. ఇది నా కరపత్రం కాదు మేడం, మీ శాస్త్రం అన్నాను. శాస్త్రంతో నాకు పేచీ లేదు, దానికి మీరు తొడిగిన ఇంగ్లీషు యూనిఫాంతోనే పేచీ అన్నాను.

స్కూళ్ళన్నీ ఇంగ్లీషు మీడియమే కదా, తెలుగొక్కటే వస్తే పాపను రేపు ఎవరు తీసుకుంటారు అని డైరెక్టర్ అడిగింది. అది దొంగ ప్రశ్న కాదు. అందుకే నాకు మరింత మండింది. రోడ్డు మీద ఆ బిడ్డను ఆపాల్సింది మీ స్కూళ్ళా, వాళ్ళమ్మా అని అరిచాను. బయట కూర్చున్న తల్లులు తొంగి చూశారు. ఆమె నా చేతిలో పుస్తకం తీసుకుని ఆ అధ్యాయం తిరగేసింది. తర్వాత, నేను అలా ఆలోచించలేదండీ అంది. ఇంట్లో తెలుగే మాట్లాడండి, ప్రోగ్రాం మార్చి రాస్తాం అంది.

గెలిచాను. ఆటోలో వస్తూ అలివేలుకు ఎలా చెప్పాలా అని దారంతా వాక్యాలు కూర్చుకున్నాను.

24 సెప్టెంబరు

చెప్పాను. బతిమాలాను. మాతృభాష, హక్కు, తల్లి పాలు, నాకొచ్చిన ఉపన్యాసాలన్నీ ఇచ్చాను. రెండు మూడు రోజులు ప్రయత్నించింది, మానేసింది. ఇవాళ మళ్ళీ మొదలుపెట్టబోతే చేతులు జోడించింది. నీకు దండం పెడతా వదినా, ఇడిసిపెట్టు అంది. నేను మన మాటతో పిలిస్తే అది గోడకల్లా జూస్తాది, గుడ్ గల్లు అంటే నా మొగం జూస్తాది, ఆ ఒక్క చూపుకు నేనెంత కాచుకోని ఉండానో నీకేం ఎరక, అది యే బాసైతే నాకేమి అంది.

మెల్లమెల్లగా నేర్పితే మన మాటకూ తిరుగుతుందే అన్నాను. ప్రిస్కిల్లా కూడా అదే చెప్పింది. నాకు అంత ఓపిక లేదు వదినా, ఇంగోసారి అది తిరక్కపోతే నేను బతకలేను అంది.

పుస్తకం తెరవాల్సిన పని లేదు. పిలిచి పిలిచి జవాబు రాక ఆగిపోయింది బిడ్డ కాదు, తల్లి. ఇప్పుడు ఆ తల్లికి దొరుకుతున్నది ఆ ఒక్క చూపు. దాన్ని నేను ఏ సిద్ధాంతంతో లాక్కోను?

మంచం మీద రేణు కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చుంది. అలివేలు ముద్ద పెట్టి, గుడ్ గల్లు, గుడ్ గల్లు అంటున్నది. రేణు తలెత్తి చూస్తున్నది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

2 అక్టోబరు

డిమాండ్లు.

బిడ్డను చేర్చుకునే ముందు, ఆ ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అడగాలి.

తల్లిని మాట్లాడొద్దని చెప్పే అధికారం ఎవరికీ ఉండకూడదు.

ఎక్స్‌టింక్షన్ మొదలుపెట్టే ముందు దాని వల్ల ఏం పోతుందో తల్లికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. వద్దంటే మానాలి.

ప్రిస్కిల్లా లాంటివాళ్ళను తమకొచ్చిన భాషలన్నిటితో పని చేయనివ్వాలి.

అలివేలు ఇంగ్లీషును ఎవరూ దిద్దకూడదు. తెలుగు మాట్లాడమని కూడా ఎవరూ అనకూడదు. నేను కూడా.